ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ కొనొచ్చా? గ్యాస్ మీద కుక్కర్ ఉండగా దండగ అంటున్నారు

నిజాంపేట_వంటిల్లు

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మేం హైదరాబాద్‌లో ఉంటాం, నేనూ మా ఆయనా ఇద్దరం జాబ్, ఇద్దరు పిల్లలు, ఏడున్నరకి స్కూల్ వ్యాన్ వచ్చేస్తుంది కాబట్టి పొద్దున్నే వంటింట్లో యుద్ధమే. మాది రెండు బర్నర్ల స్టవ్. ఒకదాని మీద అయిదు లీటర్ల కుక్కర్ ఎక్కిస్తే ఇంకోదాని మీద టిఫిన్, ఇక పాలు ఎక్కడ పెట్టాలి, కూర ఎక్కడ పెట్టాలి. దానికి తోడు పాపకి జడ వేస్తూ విజిల్స్ లెక్కపెట్టాలి, వచ్చింది మూడోదా నాలుగోదా అని నాకే డౌట్ వస్తుంది, అందుకే మా ఇంట్లో పప్పు ఒకరోజు పలుకు ఒకరోజు పేస్టు.

మా అక్క న్యూజెర్సీలో ఉంటుంది. ఇన్‌స్టంట్ పాట్ (ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ బ్రాండ్) లేకపోతే దానికి వంటే లేదు. సంక్రాంతికి వస్తూ నీకూ ఒకటి తెస్తానే అంటోంది. మా అత్తగారేమో గ్యాస్ మీద చిటికెలో అయ్యే పప్పుకి వేలకి వేలు దేనికమ్మా అంటున్నారు, ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు కదా అని నాకూ అనిపిస్తోంది. యూట్యూబ్‌లో చూస్తే అందరూ సూపర్ అంటారు, కింద చూస్తే వాళ్లకి కమీషన్ వచ్చే అఫిలియేట్ లింక్ ఉంటుంది.

వాడుతున్నవాళ్లు నిజం చెప్పండి. టైమ్ ఎంత కలిసొస్తుంది? కరెంట్ బిల్లు ఎలా ఉంటుంది? ముద్దపప్పు, పప్పుచారు, శనగలు, ఆదివారం మటన్ లేదా నాటుకోడి, ఇవీ మా వంటలు, ఇవన్నీ అందులో బాగా వస్తాయా? రైస్ కుక్కర్ ఉంది మాకు, అది కాదు నేనడిగేది, ప్రెషర్ పెట్టే ఎలక్ట్రిక్‌ది.


డాలస్_బాబాయ్

అమ్మాయ్, ముందు ఆ అక్కకి ఫోన్ చేసి తేవొద్దని చెప్పు, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. ఇక్కడ అమెరికాలో కరెంట్ 120 వోల్టులు, మన దగ్గర 230. ఇక్కడ కొన్నది అక్కడ ప్లగ్గులో పెడితే హీటర్ మూడున్నర రెట్లకి పైగా పవర్ లాగుతుంది, అన్నం ఉడకడం కాదు బోర్డే కాలిపోతుంది. అడాప్టర్ పెడతా అంటారు కొందరు, అది ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది గానీ వోల్టేజ్‌ని కాదు. వోల్టేజ్ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు, కానీ 1000 వాట్ల వస్తువుకి 1500 రేటింగ్ ఉన్నదైనా కావాలి, అంత బరువు, అంత ఖర్చు, వంటగట్టు మీద సగం చోటు అదే తింటుంది. మా వాళ్ల పెళ్లికి ఒకరు గిఫ్టుగా తీసుకెళ్లారు, అది ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉంది.

ఇక మేం ఇక్కడ దాన్ని అంతలా మోసేది ఎందుకో చెప్తా, అది తెలిస్తే నీకు కావాలో వద్దో నీకే తెలుస్తుంది. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో గ్యాస్ ఉండదు, కరెంట్ కాయిల్ స్టవ్వులు. కాయిల్ మీద కుక్కర్ పెడితే వేడెక్కడం లేటు, ఆపేశాక చల్లారడం ఇంకా లేటు, స్విచ్ కట్టేశాక కూడా ఇంకో విజిల్ వేస్తుంది. కాస్త పోపు పొగ వస్తే స్మోక్ అలారం. చలికాలంలో దోసెల పిండి రెండు రోజులు పెట్టినా పొంగదు. ఇన్‌స్టంట్ పాట్‌లో యోగర్ట్ బటన్ నొక్కి పిండి పెడితే రాత్రికి రాత్రి పొంగుతుంది (సగానికి మించి పోయకండి, పొద్దున్న మూత తీస్తే పిండి పైదాకా వచ్చి ఉంటుంది). నిజం చెప్పాలంటే మా ఆవిడ దాన్ని పప్పు కంటే పిండికే ఎక్కువ వాడుతుంది. ఈ కష్టాల్లో నీకు హైదరాబాద్‌లో ఒక్కటీ లేదు. మీ అక్కకి అది ప్రాణం అయినంత మాత్రాన నీకూ అవ్వాలని రూలేం లేదు.

టైమ్ సంగతి. టైమ్ కలిసిరాదు. ఇది ఎవరూ చెప్పరు. రెసిపీలో "పప్పు 8 నిమిషాలు" అని ఉంటుంది, ఆ 8 ప్రెషర్ ఎక్కాక మొదలయ్యేవి. ఎక్కడానికి పది పన్నెండు, తర్వాత ప్రెషర్ దానంతటది దిగడానికి ఇంకో పది పదిహేను. మొత్తం అరగంట దాటుద్ది. పైగా మన స్టవ్ కుక్కర్ వెయిట్ 15 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దగ్గర లేస్తుంది, లోపల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది. ఎలక్ట్రిక్‌వి ఎక్కువ శాతం 10 నుంచి 12 మధ్యలో నడుస్తాయి, అంటే 115, 117 డిగ్రీలు అనుకో. ఆ నాలుగైదు డిగ్రీల తేడాకి శనగలు, మటన్ ఇంకాస్త ఎక్కువసేపు ఉడకాలి.

మరెందుకయ్యా అంటే, బటన్ నొక్కి నువ్వు బయటికి వెళ్లిపోవచ్చు. అంతే. అదొక్కటే దాని గొప్పతనం, కానీ నీలాంటి ఇంట్లో అది చిన్న విషయం కాదు.


బెజవాడ_పచ్చడి

బాబాయ్ గారు చెప్పింది కరెక్టే గానీ నేను ఇంకాస్త కరుగ్గా చెప్తా, ఇండియాలో గ్యాస్ ఉన్న ఇంటికి ఇది అక్కర్లేదు అండి. మాది క్యాటరింగ్ కుటుంబం, ఇంట్లో కుక్కర్లే అరడజను ఉన్నాయి, మా కోడలు సరదాపడి ఎలక్ట్రిక్‌ది కొంది, అందుకే తెలిసి చెప్తున్నా.

మీ సమస్య ఏంటి, రెండే బర్నర్లు, విజిల్స్ లెక్క. మొదటిదానికి మూడు బర్నర్ల స్టవ్ తెచ్చుకోండి, దీని రేటుకే వస్తుంది. రెండోదానికి అసలు విజిల్స్ లెక్కే పెట్టొద్దు. మొదటి విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టేసి ఫోన్‌లో టైమర్ పెట్టండి. కందిపప్పు అరగంట నానబెట్టి ఉంటే సిమ్‌లో అయిదారు నిమిషాలు చాలు, కట్టేసి వదిలేయండి, ఆవిరి పోయేలోగా ముద్దపప్పుకి సరిపడా ఉడుకుతుంది. ఫుల్ మంట మీద పెట్టి ఏడు విజిల్స్ ఎనిమిది విజిల్స్ అని లెక్కపెట్టేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తది, విజిల్ అంటే ఎక్కువైన ఆవిరి బయటికి పోవడమే కదా, అంటే మీరు కొన్న గ్యాస్ చిమ్నీలో కలిసిపోతున్నట్టే. మంట ఎక్కువుంటే విజిల్స్ గబగబా వస్తాయి, తక్కువుంటే లేటుగా వస్తాయి, నీళ్లెక్కువైతే ఇంకోలా వస్తాయి, అందుకే మీకు ఒకరోజు పలుకు ఒకరోజు పేస్టు.

మా కోడలి దాంట్లో వంట ఎట్లా ఉంటదంటే, శనగలు రాజ్మా బాగుంటాయి, కాదనను. మేక కాళ్ల పాయా అయితే అద్భుతం, ముప్పావుగంట పెట్టి మన పని మనం చూసుకోవచ్చు. నాటుకోడి కూడా ఉడుకుతుంది, కానీ ఆవిరి బయటికి పోదు కాబట్టి పులుసు నీళ్లనీళ్లగా వస్తుంది, మళ్లీ మూత తీసి సాటే మోడ్‌లో (వేయించడానికి ఉండే బటన్) దగ్గరికి రానివ్వాలి. గోంగూర అయితే అందులో వేయకండి, విడిగా మగ్గించి చివర్లో కలపండి. బిర్యానీ గురించి నేను మాట్లాడను, అందులో వచ్చేది మసాలా అన్నం.

ఇంకోటి, సాటే మోడ్ అని గొప్పగా చెప్తారు, ఉల్లిపాయలు అందులో ఎర్రగా వేగాలంటే తెల్లారుతుంది. పోపు అయితే ఎలాగూ చిన్న గరిటెలో స్టవ్ మీదే వేసుకోవాల్సిందే.


కరీంనగర్_ఫ్యూజు

నేను ఎలక్ట్రికల్ లైన్ల ఉన్న, కరెంట్ సంగతి నేను చెప్త. ఆరు లీటర్ల కుక్కర్లు ఎక్కువ 1000 వాట్లయే ఉంటయి, మూడు లీటర్లవి 700. ఫుల్ పవర్ ప్రెషర్ ఎక్కేదాంకనే లాగుతది, ఎక్కినంక ఆగుకుంట ఆగుకుంట లాగుతది. ఒక పూట పప్పుకి పావు యూనిట్, ఎక్కువల ఎక్కువ 0.3 అనుకో. యూనిట్ ఆరు రూపాయలు లెక్క కట్టినా రెండు రూపాయలు దాటది. గ్యాస్‌కొస్తే సిలిండర్ల 14.2 కిలోలు, రేటు 900 అనుకుంటే కిలో 63 రూపాయలు పడ్తది, అదే పప్పుకి 30, 40 గ్రాములు కాల్తది, అదీ రెండు రెండున్నరనే. గ్యాస్ మిగుల్తదని కొంటే దాని పైసలు ఎప్పటికీ తిరిగిరావు, బిల్లు పేలుతదని భయపడి మానుకునేదీ లేదు. ఒక్కటే మాట అక్కా, మీది గృహజ్యోతి (సర్కారు ఉచిత కరెంట్ స్కీము) జీరో బిల్లు అయితే జర చూస్కోండి, 200 యూనిట్ల లోపలనే అది. నెలకు 190 దగ్గర ఆగే ఇల్లయితే రోజుకి రెండుసార్లు దీంట్ల వండితే దాటిపోతది, అప్పుడు మొత్తం బిల్లు మీద పడ్తది.

సాకెట్ ముచ్చట. 1000 వాట్లంటే నాలుగున్నర ఆంప్స్ లోపలే, మామూలు ఆరు ఆంప్స్ ప్లగ్గు మీద నడుస్తది, కానీ ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి దానికే మిక్సీ, దానికే ఎలక్ట్రిక్ కెటిల్ గుచ్చకండి. వంటింట్ల ఫ్రిజ్ పక్కన 16 ఆంప్స్ది ఉంటే అదే వాడున్రి. ఇన్వర్టర్ మీద పెట్టకున్రి, ఇండ్లల్ల ఉండే చిన్న ఇన్వర్టర్లకి ఈ లోడు ఆగది. నడుమ కరెంట్ పోతే కొన్ని మోడళ్లు మళ్ల అక్కడినుంచే మొదలుపెడ్తయి, కొన్ని మొత్తం ఆగిపోతయి. కొనేముందు ఇది అడుగున్రి, షాపోనికి తెల్వకపోతే మాన్యువల్ చూపియ్యమనున్రి.

బెజవాడ అన్నా, సిమ్‌ల పెట్టే ముచ్చట బాగ చెప్పినవ్, నేను మా ఇంట్ల చెప్తే వింటలేరు.


తెనాలి_పెద్దబ్బాయి

బెజవాడ గారూ, "అక్కర్లేదు" అని ఒక్కమాటలో తీసేశారు గానీ నాదొక కేసు వినండి. మా నాన్నగారికి డెబ్బై దాటాయి, అమ్మ పోయాక తెనాలిలో ఒక్కరే ఉంటున్నారు, నా దగ్గరికి బెంగళూరు రమ్మంటే రారు. వంట ఆయనే చేసుకుంటారు, చక్కగా చేస్తారు కూడా, కానీ స్టవ్ మీద పెట్టి పేపర్ చదువుతూ మర్చిపోతారు. చెవి కూడా కాస్త తగ్గింది, విజిల్ వినపడదు. పక్కింటివాళ్లు కుక్కర్ మాడిన వాసనకి గోడ దూకి వచ్చి స్టవ్ కట్టేశారు ఒకసారి, గాస్కెట్ కరిగిపోయి ఉంది.

అప్పుడు కొన్నాను మూడు లీటర్లది. ఒక మనిషికి అది చాలు, అదీ ఎక్కువే. అయిపోయాక అదే ఆగిపోతుంది, వేడిగా ఉంచుతుంది, ఆయన ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు తింటారు. బటన్లన్నీ ఇంగ్లీషులో చిన్న అక్షరాలు, ఆయన కళ్లద్దాలు వెతుక్కోవాలి, అందుకని తెల్ల స్టిక్కర్ల మీద అన్నం, పప్పు, ఆపు అని తెలుగులో పెద్దగా రాసి అంటించా. మిగతా పది బటన్ల మీద టేపు వేసేశా. కేక్ చేస్తుందట, యోగర్ట్ చేస్తుందట, ఆయనకి అవన్నీ ఎందుకు.

ఒక ఇబ్బంది ఉంది, చెప్పాలి. మూత పక్కన ఆవిరి వదిలే బుడిపె ఉంటుంది కదా, అది సీలింగ్ వైపు తిప్పకపోతే ప్రెషర్ ఎక్కదు, గంట గడిచినా ఆవిరి పోతూనే ఉంటుంది. ఆయన మొదట్లో రోజూ ఫోన్ చేసేవారు దీని గురించే. కొత్త మోడళ్లలో మూత పెట్టగానే అదే మూసుకునేవి ఉన్నాయి, పెద్దవాళ్లకి కొనేటట్టయితే అలాంటిదే చూడండి. ఇంకోటి, పప్పు ఉడికిన వెంటనే ఆ బుడిపె తిప్పి ఆవిరి వదలకూడదు, నురగంతా పిచికారీలా చిమ్ముతుంది గోడల మీద. పప్పులూ శనగలూ సగం గిన్నెకి మించి పోయకూడదు కూడా.

మీ ఇంట్లో పెద్దావిడ ఉన్నారు కాబట్టి మీకు ఈ అవసరం లేకపోవచ్చు. కానీ చదివేవాళ్లలో అమ్మానాన్నలు ఊళ్లో ఒంటరిగా ఉన్నవాళ్లు చాలామంది ఉంటారని రాశాను.


వంటరాని_వీరుడు

నేను పీజీలో ఉంటా బ్రో, గ్యాస్ పెట్టనివ్వరు. నాకు ఇదే స్టవ్, ఇదే కుక్కర్, ఇదే మ్యాగీ గిన్నె. సాటేలో పోపు వేసి అందులోనే పప్పు టమాటా బియ్యం అన్నీ పడేసి కిచిడీ, అదే జీవితం. ఒక్కటే ప్రాబ్లం, "బర్న్" అని వచ్చి ఆగిపోతుంది అప్పుడప్పుడు. టమాటా గుజ్జు, మసాలా అడుగున పట్టుకుంటే అట్లా వస్తుంది, పోపు అయ్యాక కాస్త నీళ్లు పోసి అడుగు గరిటెతో గీకేసి అప్పుడు మూత పెడితే రాదు. టమాటాలు పైన వేసి కలపకుండా వదిలేయాలి అంతే.

వాసన సంగతి ఎవరూ చెప్పలేదేంటి?? మూత లోపలుండే ఆ సిలికాన్ రింగుకి మసాలా వాసన పట్టుకుంటే పోదు. చికెన్ వండిన మర్నాడు సేమ్యా పాయసం చేశా, మా రూమ్మేట్ తినలేదు.


నిజాంపేట_వంటిల్లు

అబ్బా ఎంత వివరంగా చెప్పారు అందరూ, థాంక్యూ సో మచ్. అక్కకి మెసేజ్ పెట్టేశా తేవొద్దని. దానికి వోల్టేజ్ సంగతి తెలీనే తెలీదు, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కూడా తెస్తాలే అంటోంది, దాని బదులు చాక్లెట్లు తెచ్చుకోమన్నా.

బెజవాడ గారూ, ఇవాళ సిమ్‌లో టైమర్ పెట్టి చూశా, పప్పు బాగా వచ్చింది, మా అత్తగారు నేను చెప్తే ఎప్పుడైనా విన్నావా అన్నారు, ఆవిడ ఎప్పుడు చెప్పారో నాకైతే గుర్తులేదు. మూడు బర్నర్ల స్టవ్ ఐడియా మాత్రం కుదరదండి, అద్దె ఇల్లు, గట్టు చిన్నది.

అందుకే ఇంకా ఒక పక్క లాగుతోంది. డాలస్ బాబాయ్ గారు చెప్పిన ఆ బటన్ నొక్కి వెళ్లిపోవడం అనేది నాకు కావాల్సిందే. రాత్రి శనగలు నానబోసి పొద్దున ఆరింటికి అదే మొదలయ్యేలా పెట్టొచ్చా? మటన్ కూడా అలా పెట్టొచ్చా? ఇక్కడ దొరికేవాటిలో ఏం చూసి కొనాలి?


డాలస్_బాబాయ్

శనగలకి భేషుగ్గా పెట్టొచ్చు, డిలే స్టార్ట్ అని ఉంటుంది, అది దాని కోసమే. నీళ్లలో నానుతూ ఉంటాయి, ఆరింటికి మొదలవుతుంది. నానినవి అయితే 15, 20 నిమిషాలు పెట్టు, నానకపోతే ముప్పావుగంట. మటన్‌కీ పాలకీ మాత్రం వద్దమ్మా, హైదరాబాద్ వేడికి రాత్రంతా పచ్చి మాంసం బయట పెట్టినట్టే అది. ఇంకో జాగ్రత్త, కొన్నిటిలో స్లో కుక్ అని కూడా ఉంటుంది, రాజ్మా అందులో వండకు. పచ్చి రాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది, బాగా తెర్లితేనే పోతుంది, స్లో కుక్ వేడికి పోదు, వాంతులు పట్టుకుంటాయి. ప్రెషర్‌లో అయితే భయం లేదు.

బియ్యానికి నీళ్లు తగ్గించు. స్టవ్ మీద సోనా మసూరికి గ్లాసుకి రెండు పోస్తావేమో, ఇందులో ఒకటిన్నర చాలు, ఆవిరి బయటికి పోదు కదా. పాత బియ్యమైతే కాస్త ఎక్కువ.


బెజవాడ_పచ్చడి

సరే అమ్మా, కొనేదే అయితే ఇవి చూడు. లోపల గిన్నె స్టీలుది ఉండాలి. ఇక్కడ అమ్మే చాలావాటికి నాన్‌స్టిక్ గిన్నె ఇస్తారు, పనమ్మాయి పీచు పెట్టి తోమితే పై కోటింగ్ లేచిపోతుంది. రింగులు విడిగా దొరుకుతాయా, ఇంకో గిన్నె దొరుకుతుందా అని కొనకముందే వెతుకు. మా కోడలిది రింగు సాగిపోయి ఆవిరి కారుతుంటే ఆ కంపెనీ సర్వీసువాళ్లు పార్టు స్టాకు లేదని నెలల తరబడి తిప్పారు, పేరు చెప్పను గానీ. హాకిన్స్, ప్రెస్టీజ్ లాంటి స్టవ్ కుక్కర్ గాస్కెట్ అయితే మా సందు చివర స్టీలు సామాన్ల కొట్టులో దొరుకుతుంది, ఆ సుఖం దీనికి లేదు. రెండు రింగులు పెట్టుకో, ఒకటి నీసుకి, ఒకటి మామూలుకి, అప్పుడు పాయసం తినొచ్చు.

నలుగురికైతే ఆరు లీటర్లదే తీసుకో, మూడుది మటన్‌కి చాలదు.

నా మాట వింటానంటే ముందు మూలన పడేసిన పాత కుక్కరేదైనా ఉంటే దానికి గాస్కెట్ వేయించు, రెండు కుక్కర్లతో ఒక నెల చూడు, అప్పటికీ కుదరకపోతే కొను. పండగ సేల్ ఎలాగూ వస్తుంది.


నిజాంపేట_వంటిల్లు

మూడు లీటర్లది ఉందండి అటక మీద, మీకెలా తెలిసింది. రేపే గాస్కెట్ తెస్తా.

లాస్ట్ డౌట్, కొంటే మా ఇడ్లీ స్టాండు అందులో పడుతుందా? నాలుగు ప్లేట్లది.


తెనాలి_పెద్దబ్బాయి

టేపు పెట్టి కొలవండి. ఆరు లీటర్ల దాని లోపల గిన్నె వెడల్పు దాదాపు 22 సెంటీమీటర్లు, ఎత్తు 15 చిల్లర. నాలుగు ప్లేట్లది ఎత్తు చాలకపోవచ్చు, పై ప్లేటు తీసేస్తే పట్టొచ్చు. ఇడ్లీకి ఆ ఆవిరి బుడిపె తెరిచే ఉంచాలి. అలా ఉంచితే కొన్ని మోడళ్లలో టైమర్ కదలదు, కాబట్టి పది పన్నెండు నిమిషాలకి ఫోన్‌లో అలారం పెట్టుకోండి.


కరీంనగర్_ఫ్యూజు

ఇడ్లీలకి అది ఎందుకక్కా, ఇడ్లీ గిన్నె పెట్టు స్టవ్ మీద. మూత వెట్టి పోతే అదే అయితది.